దాలయ్య నడిచిన నేల

“పెద్దాయన ముందర ఉత్తకాళ్లతో నిలబడతావేటి? ఇరవైరెండేళ్ల నౌకరీకి ఇయాళ ఆఖరు. పెళ్లాం బూట్లు కూడా కొననీలేదనుకుంటారు,” అంది కోటమ్మ.

“ఆళ్లు నన్ను చూడ్డానికి రారే. నేలని చూడ్డానికొస్తన్నారు,” అన్నాడు దాలయ్య.

“ఏక్ దిన్ కీ బాత్ హై నాన్నా, ఒక్క రోజేగా, ఏసుకో,” అంటూ కూతురు మీనాక్షి టిఫిన్ డబ్బా మూత బిగించింది.

మూడు రోజులుగా ఆ కర్మాగారం క్వార్టర్లో ఇదే గొడవ. చివరికి బూట్ల జతను సంచీలో వేసి సైకిలుకి తగిలించుకుని దాలయ్య నందిని గనుల దారి పట్టాడు.

ఆ సున్నపురాయి గనుల అవతల ఉంది అతను కాపలా కాసే విమానాల మైదానం. కర్మాగారం చూడవచ్చే పెద్దల కోసం ఎప్పుడో ఒక విమానం దిగేది. దిగే ముందు దాలయ్య చెప్పులు విప్పి రన్‌వే పొడుగునా నడిచేవాడు. గనుల దుమ్ము పరుచుకున్న దారి మీద విమానం చక్రాలకి అడ్డొచ్చే తెల్లరాయి కంటికి ఆనదు, కాలికి ఆనుతుంది. మడమలు బీటలు వారినా, అతని అరికాలి నడుమ మాత్రం చంటిపిల్ల చెంపలా మెత్తగా ఉండేది.

ఈరోజు వస్తున్నది చిన్న విమానాల కంపెనీ అధిపతి గురునాథరావు. విదేశాల నుంచి కలకత్తాలో దిగిన యాత్రికులు అదే టిక్కెట్టు మీద ఇక్కడికి రావాలని, ఇక్కడినుంచి బస్తర్ జలపాతాలకు వెళ్లాలని ఆయన పథకం. నేల బాగులేదంటే ఆ విమానం మరో ఊరికి పోతుంది. దాలయ్య ఇరవైరెండేళ్ల పనికీ ఈరోజే తీర్పు.

గాలివాటం చూపే గుడ్డసంచీ స్తంభం మొదట్లో బూట్లు తీసిపెట్టి, పెద్దాయన దిగేలోగా తొడుక్కోవచ్చనుకుని నడక మొదలుపెట్టాడు. అవతలి కొసన చింతగింజంత రాయి తగిలింది. ఏరి జేబులో వేసుకుంటుండగానే ఆకాశంలో మోత వినిపించింది. బూట్ల మాటే మరిచిపోయాడు.

విమానం చిన్న కుదుపైనా లేకుండా దిగింది. తలనెరిసిన గురునాథరావు రన్‌వే వైపు చూస్తూ, “దీన్ని దేంతో తనిఖీ చేస్తారు?” అని అడిగాడు. వెంట ఉన్న కర్మాగారం అధికారులు ఫైళ్లు తిరగేశారు.

“కాళ్లతో బాబూ,” అన్నాడు దాలయ్య. జేబులోంచి ఆ పొద్దున ఏరిన ఏడు రాళ్లూ తీసి చూపించాడు.

ఎవరో ముసిముసిగా నవ్వారు. గురునాథరావు నవ్వలేదు. అన్నిటికన్నా చిన్నరాయిని వేళ్ల మధ్య తిప్పి చూశాడు. విమానం మెట్ల మీద కూర్చుని తన బూట్లు విప్పాడు. కాళ్లు కాలుతున్నా దాలయ్య పేరు అడుగుతూ అతని పక్కన సగం దూరం నడిచాడు.

“వచ్చే నెల ఒకటి నుంచి వారానికి మూడు సర్వీసులు ఇక్కడికే,” అన్నాడు తిరిగొచ్చి. “మొదటి దాంట్లో ఒక సీటు నీది దాలయ్యా. పేరు రాయించుకో.”

సాయంత్రం దాలయ్య గేటు తాళాలు అప్పగించి, సంతకం పెట్టి ఇంటికొచ్చాడు. వీధిలోకి వార్త ముందే చేరింది.

“సచ్చీ నాన్నా? హవాయీ జహాజ్ ఎక్కుతావా?” అంది మీనాక్షి.

“బూట్లేసుకున్నావా లేదా? అది చెప్పు ముందు,” అంది కోటమ్మ టీ గ్లాసు అందిస్తూ.

దాలయ్య టీ సగం తాగి, గ్లాసు కింద పెట్టి, కూతురి వైపు తిరిగి మెల్లగా చెప్పాడు. “సీటు మీ అమ్మ పేరున రాయించాను. ఇమానం ఎగిరే రోజు పొద్దున్నే నానెళ్లి నేలంతా నడిచొస్తాను. తరవాతే మీ అమ్మ ఎక్కుతాది.”

అక్కడ మైదానంలో, స్తంభం మొదట్లో, తాళ్లయినా విప్పని కొత్త బూట్ల మీద గనుల తెల్లదుమ్ము పలచగా పేరుకుంటోంది.