తాత చెవిలో పడిన పేరు

ఎలుగు నెత్తురు ఇంకా పొగలు కక్కుతుండగానే బొగ్దో మామ మంచులో మోకాళ్ళ మీద కూలబడి, చంపింది మనుషులని దానికి తెలియకుండా కాకిలా అరిచాడు. ఆనక, ఎలుగుని తాత అని పిలిచే తమ వాళ్ళ ఆచారం ప్రకారం, దాని చెవి దగ్గర నోరు పెట్టి, "మేం కాదు తాతా. తుంగుస్కా ఏటి ఒడ్డున దుంగల కోట ఉంది చూడు, అందులో ఉండే పోస్నిక్ అనే రష్యావాడు చంపాడు. పగ తీర్చుకుంటే వాడి మీదే తీర్చుకో" అన్నాడు.

నిజానికి ఈటె దించింది అతని మేనకోడలు అయాక్తా. చిన్నప్పుడు మేనమామ ఇలా నంగనాచి మాటలాడుతుంటే ఆమెకి నవ్వొచ్చేది. ఇప్పుడు రాలేదు. అబద్ధమైతేనేం, ఆ పేరు తాత చెవిలో పడినందుకు కడుపు చల్లబడింది. ఆ పోస్నిక్ చేతిలోనే కదా ఆమె తమ్ముడు ఇల్తిక్ రెండు చలికాలాలుగా బందీ. ముంగిసలా ఉండే సేబుల్ అనే జంతువు బొచ్చుతోళ్ళు అడిగినన్ని ఇస్తే తమ్ముడు బతుకుతాడు, లేకపోతే లేదు.

తలుచుకుంటే చాలు ఊడిపడతారు కొందరు. చెట్ల మధ్యనుంచి పోస్నిక్ ఒక్కడే వచ్చాడు, ఇల్తిక్‌ని మెడకి తాడేసి లాక్కుంటూ. ఒంటరిగా రావడమే వాడి పొగరు.

"ఎలుగు దొరికింది గానీ సేబుల్ దొరకలేదా ముసలోడా?"

"అడివి కాలిపోయింది బాబూ" అన్నాడు మామ. "ఈ ఏడు ఒక్కటీ పడలేదు."

"అడివి కాలితే నాకేంటి. పోయినేడు వీడి చెవి ఒకటే కోశాను. రెండోది ఎందుకు మిగిల్చాననుకున్నావ్?"

ఇల్తిక్‌ని మంచులోకి తోసి కత్తి తీశాడు. ఇల్తిక్ బతిమాలలేదు. "అక్కా, అటు తిరుగు" అన్నాడంతే.

ఆ మాటకి అయాక్తాకి ఒళ్ళు మండిపోయింది. చెవి తెగి కింద పడేసరికే ఆమె వాడి మీదకి దూకింది. పోస్నిక్ తుపాకీ లాగాడు గానీ వత్తి అంటించుకునే వ్యవధేదీ. ఎలుగుని పొడిచిన చోటే, పక్కటెముకల కిందే పొడిచింది. వాడు ఈటె కర్ర పట్టుకుని, అది ఇంకా లోతుకి దిగుతున్నా ముందుకొచ్చి పిడికిలితో ఆమె ముక్కు పగలగొట్టాడు. ఆమె వదల్లేదు, ఈటె మెలితిప్పింది. పేగులు జారాక గానీ వాడు కూలబడలేదు, మొండిఘటం.

మామ అలవాటుకొద్దీ కాకిలా అరవబోయి ఆగిపోయాడు. "ఎలుగుని చంపితే రష్యావాడి మీదకి తోస్తాం. రష్యావాణ్ణి చంపితే ఎవడి మీదకి తోస్తామే?"

ఎవరూ నవ్వలేదు. రెండ్రోజుల్లో కోటవాళ్ళు వెతుక్కుంటూ వస్తారు. ఈటెపోటు కంటపడిందా, ముందు ఉరి తీసేది ఇల్తిక్‌నే.

అయాక్తా ఎలుగు వైపు చూసింది.

"వద్దే తల్లీ" అన్నాడు మామ. "తాత మీద నిందేస్తే తాత కులం ఊరుకోదు. మన వంశమే మిగలదు."

"తమ్ముడే మిగలకపోతే ఇంక వంశమెక్కడిది మామా."

పోస్నిక్‌ని కాళ్ళు పట్టి ఈడ్చుకొచ్చి ఎలుగు పక్కన పడేసింది. ఇంకా వెచ్చగా ఉన్న పంజాని రెండు చేతులా ఎత్తి, ఆ గోళ్ళతో వాడి మొహం చీరింది, పొట్ట చీరింది. ఈటె దిగిన గంటు ఏదో, గోరు గీసిన గంటు ఏదో తెలియకుండా పోయేదాకా చీరింది. ఆమె ముక్కునుంచి కారే నెత్తురు వాడి మీద బొట్లుబొట్లుగా పడుతూనే ఉంది.

"నీ చెవి కూడా ఎలుగే కొరికింది. అడిగితే అదే చెప్పు" అంది తమ్ముడితో. ఇల్తిక్ తల ఊపాడు.

మామ మళ్ళీ నోరు తెరవబోతే ఆమె అరచెయ్యి అడ్డం పెట్టింది. తనే ఎలుగు తల దగ్గర కూర్చుని దాని చెవిలోకి వంగింది.

"తాతా, మామ అబద్ధమాడాడు. నిన్ను చంపింది నేను, అయాక్తాని. వీణ్ణి చంపిందీ నేనే, నీ మీద నింద వేసిందీ నేనే. తమ్ముడికీ మామకీ ఇందులో ఏ పాపం లేదు. రావాలనుకుంటే నా ఒక్కదాని దగ్గరికే రా. ముక్కు వంకరపోయిన ఆడది, గుర్తుపెట్టుకో."

లేచి, ఈటె మంచులో తుడిచి తమ్ముడి చేతికిచ్చింది. ఆ రోజు నుంచి అయాక్తా అడివిలోకి ఉత్త చేతులతోనే వెళ్ళేది.