ఎవరైనా కొనుక్కోగల ముఖం

ఏ.ఎస్. రావు నగర్‌లో బస్సు దిగి తలెత్తేసరికి, నా ముఖమే నన్ను చూసి నవ్వుతోంది. ఇంత పొడుగు హోర్డింగు. చేతిలో చాక్‌పీసు, వెనకాల బోర్డు, కింద ఏదో కొత్త స్కూలు పేరు, "అనుభవజ్ఞులైన మా ఉపాధ్యాయులు" అని. ఆ స్కూలు గుమ్మం నేనెప్పుడూ తొక్కలేదు. పైగా ఫొటోలో, సండేస్కూలు బోర్డు మీద నేను రాసిన బైబిలు వాక్యం చెరిపేసి లెక్కలు రాశారు. ఏ ప్లస్ బీ హోల్ స్క్వేర్ అంటే ఏ స్క్వేర్ ప్లస్ బీ స్క్వేరట! టూ ఏబీని ఏ కాకి ఎత్తుకుపోయిందో! పద్నాలుగేళ్లుగా సీతాఫల్‌మండిలో ఏడో తరగతికి లెక్కలు చెబుతున్నదాన్ని, ఒళ్లు మండిపోయింది.

మర్నాడు మా కరస్పాండెంట్ రిచర్డ్ గారు పిలిపించారు.

"జ్ఞానమణి గారూ, రెండు స్కూళ్లలో పని చేస్తున్నారట?"

"ఆ స్కూలు ఎవరిదో కూడా నాకు తెలీదు సార్."

"ముఖం మీదేగా? నిరూపించుకోండి. లేకపోతే జూన్‌లో రానక్కర్లేదు."

ఆ ఫొటో తీసింది మా చర్చి కుర్రాడు ప్రభుదాస్. నిరుడు సండేస్కూల్లో తీశాడు. ఆదివారం ఆరాధన అయ్యాక గేటు దగ్గర దొరకబుచ్చుకున్నాను.

"అక్కా, మీరే సంతకం చేసిన్రు కదా," అన్నాడు తల గోక్కుంటూ.

చేశాను. నా ఫొటో వాడుకోవచ్చని ఒప్పుకునే సన్నటి అక్షరాల ఇంగ్లీషు కాగితం. చదవకుండా సంతకం పెట్టొద్దని పిల్లల తల్లిదండ్రులకు ప్రతి ప్రోగ్రెస్ రిపోర్టుకూ చెప్పే నేనే, మన సంఘం పిల్లాడు కదా అని గీకేశాను. నా మీద నాకే కోపం వచ్చింది. ఆ కోపంతోనే వాణ్ణి మర్నాడు రిచర్డ్ గారి ఆఫీసుకు లాక్కెళ్లాను.

"సార్, నేను తీసిన ఫొటోలు నెట్‌ల అమ్మే ఒక కంపెనీకి ఇస్త," అని మొదలుపెట్టాడు ప్రభుదాస్. "కావాల్సినోళ్లు పైసలు కట్టి లైసెన్సు తీస్కుంటరు. వాడుకునే హక్కు, గంతే. అక్క ఆ స్కూల్ల పనిచేస్తలేదు. ఎవరో డిజైనర్ తీస్కున్నడు."

"ఒక్కరికే ఇస్తారా?"

"లేదు సార్, ఎంతమందైనా తీస్కోవచ్చు. ఒక్కరికే కావాలంటే ఎక్స్‌క్లూజివ్ అంటరు, దానికి మస్తు రేటు. కానీ ఈ ఫొటో ఇప్పటికే నలభై మంది తీస్కున్నరు. ఇప్పుడు నేను తీసేసినా, వాళ్ల హక్కు వాళ్లకుంటది."

నలభై మంది! నా ముఖం ఎక్కడెక్కడ ఏమేం అమ్మి పెడుతోందో! వాడి చెవి అక్కడే మెలిపెట్టాలనిపించింది.

రిచర్డ్ గారు మాత్రం కుర్చీలో ముందుకు జరిగారు. "అంటే మనం కూడా తీసుకోవచ్చన్నమాట."

"నా ఉద్యోగం సంగతి చెప్పండి సార్," అన్నాను.

"మీ తప్పేం లేదని తెలిసింది, సంతోషం. కానీ మీ పోస్టులో వేరే అమ్మాయిని తీసుకున్నాం మేడమ్. సగం జీతానికే వస్తానంది."

నన్ను నిరూపించుకోమన్న రోజే ఆ అమ్మాయికి ఆర్డరు ఇచ్చేశారని గుమాస్తా భద్రయ్య బయటికొచ్చాక చెప్పాడు.

జూన్ మొదటి సోమవారం మా స్కూలు గేటు మీద ఫ్లెక్సీ లేచింది. "అడ్మిషన్లు ప్రారంభం" అని, పక్కన నేను. పద్నాలుగేళ్లలో స్కూలు డైరీలో నా ఫొటో అంగుళమైనా వేయనివాళ్లు, నన్ను గెంటేశాక గేటెక్కించారు. ఇంట్లో కూర్చుని ఏడవడం నా వల్ల కాదు. గొడుగు పట్టుకుని వెళ్లి సరిగ్గా దాని కిందే, రోడ్డు మీద నిలబడ్డాను.

రిచర్డ్ గారు పరుగెత్తుకొచ్చారు. "మేడమ్, ఆ ఫొటో మేం డబ్బు కట్టి తీసుకున్నాం. లైసెన్సుంది."

"ఉంచుకోండి సార్. నేను దాన్ని ముట్టుకోలేదే! రోడ్డుకు కూడా లైసెన్సు తీసుకున్నారా?"

అంతలో సుమిత్ర వచ్చింది. ఆమె పెద్ద కూతురు నా దగ్గరే చదివింది. ఇప్పుడు చిన్నదాన్ని తెచ్చింది, చేతిలో నింపిన ఫారం.

"టీచర్, మీ ఫొటో చూసే వచ్చిన. దీన్ని సుత జెర మీ క్లాసులనే వేయించున్రి."

"నేనిక్కడ లేనమ్మా. నన్ను తీసేశారు. ఫొటో మాత్రం కొనుక్కున్నారు."

ఆమె ఫ్లెక్సీ వంక చూసింది, నా వంక చూసింది, రిచర్డ్ గారి వంక చూసింది. "ఏందీ సార్ గిది?" అంది. ఆయన నోరు తెరిచేలోపే ఫారం నాలుగు మడతలు పెట్టి సంచిలో పడేసింది. వెనకాల ఉన్న ఇద్దరు తల్లులు కూడా ఆగిపోయారు.

"మీ ఇంట్ల చెప్తరా టీచర్ లెక్కలు? గది చెప్పున్రి ముందు," అంది సుమిత్ర.

నేను జవాబిచ్చేలోపే, నిచ్చెన తెమ్మని రిచర్డ్ గారు వాచ్‌మన్ మీద అరవడం మొదలుపెట్టారు.