జడ్జిగారి టైపు మిషను

నేను ఒక టైపు మిషనుని. బ్రెజిల్‌లో ఒక సముద్రపు ఒడ్డు ఊళ్లో, గాజుపెట్టెలో కూర్చుని జనం దండాలు అందుకుంటున్నాను. మహా రచయిత్రి జసీరా తన నవలలన్నీ నామీదే రాసిందని ముందర ఫలకం పెట్టారు. పచ్చి అబద్ధం. ఆవిడ నన్ను ఒక్కనాడూ ముట్టుకోలేదు.

నన్ను కొన్నది ఆవిడ మొగుడు, జడ్జి అన్సెల్మో. ఆయనగారు కవట! ముప్ఫయ్యేళ్లలో నామీద కొట్టినవల్లా సంతాప లేఖలూ, తనకు సన్మానం చేయమని తానే రాసుకున్న అర్జీలూ. ఊరి సాహిత్య సభ నిండా అదే బాపతు. ప్రతి గురువారం మా ఇంట్లో చేరి, టీ తాగి, ఒకరినొకరు మహాకవీ అనుకుని పోయేవాళ్లు. ఆడవాళ్లకు సభలో కుర్చీ లేదు. టీ పోయడానికి మాత్రం రావచ్చు.

టీ పోసి వెళ్లిన జసీరా, చిక్కుడు గింజలు ఉడికేలోపు వంటింట్లో పెన్సిలుతో రాసుకునేది, చక్కెర మిల్లువాళ్లు పారేసిన తూకం చీటీల వెనకవైపు. ఉప్పు మడుల్లో కాళ్లు పుళ్లు పడ్డ ఆడవాళ్ల మీద మొదటి నవల వస్తే, మొగుడే రాసిచ్చాడన్నారు. ఆ పెద్దమనిషి కాదనలేదు. మూడోదానికి బహుమతి రాగానే 'మా జసీరా' అయిపోయింది. అప్పుడూ కుర్చీ ఇవ్వలేదు.

మొగుడి వెనకే ఆవిడా పోయాక, ఇంటిని మ్యూజియం చేస్తామని సభాధ్యక్షుడు ఒలింపియో దిగబడ్డాడు. వంటింట్లో రెండు సంచుల చీటీలున్నాయి. అది నాలుగో నవల. వంటమనిషి జెనొవేవాకు చదువు రాదు గానీ, జసీరా రోజూ చదివి వినిపిస్తే అంతా విన్నది.

"డాక్టరుగారూ, అమ్మ రాసిందంతా ఆ సంచుల్లోనే ఉందండి. ఈ మిషను అయ్యగారిది" అంది. అతను డాక్టరేమీ కాదు, అక్కడ కోటు వేసుకున్న ప్రతివాడూ డాక్టరే.

"అంత గొప్ప రచయిత్రి చిత్తుకాగితాల మీద రాస్తుందటే? పోయి కాఫీ పెట్టు" అన్నాడు ఒలింపియో.

ఆ సాయంత్రం సెయింట్ జాన్ పండగ. ఇంటింటి ముందూ మంట వేసి మొక్కజొన్న కాల్చుకునే రోజు. వానకు కట్టెలు తడిశాయని సంచులు రెండూ మంటలో గుమ్మరించారు. జెనొవేవా ఉత్త చేతులతో లాగబోతే పక్కకు నెట్టేశారు. కంకులు భలే కమ్మగా కాలాయని ఒలింపియో మెచ్చుకున్నాడు.

ఇప్పుడు జెనొవేవా ఇక్కడే ఊడుస్తోంది. ఎవరూ లేనప్పుడు ఆ నవలను గుర్తున్నంతమేరా పైకి చెప్పుకుంటుంది. ఒక్క ముక్క రాసుకోవడానికి నాకు చేతులు లేవు. చేతులున్న వెధవలు నాకు దండం పెట్టి పోతున్నారు. పోయిన వారం కథలోని పెద్దకూతురి పేరు ఆమెకు గుర్తురాలేదు. చీపురు పట్టుకుని చాలాసేపు అలాగే నిలబడిపోయింది.