ఆరో గది నీలం గాజు

ఏప్రిల్ నెలాఖరు వచ్చిందంటే ఆ ఊళ్ళో పెళ్ళివారిల్లు దీపాల వెలుగుతో ఒంటికి రంగు తెచ్చే రోషెల్ విటెక్ ట్యానింగ్ షాపే. హైస్కూలు పిల్లల ప్రామ్ డాన్సుకి ముందు వారం అందరి ఒళ్ళూ దోరగా కాల్చిన బ్రెడ్డు రంగుకి తిరగాలి. ఆరు నెలలు మంచులో పాలిపోయిన ఒహాయో చర్మం వారం తిరిగేసరికి ఫ్లోరిడా చర్మం అయిపోవాలి. పిచ్చి కాకపోతే ఏమిటి! ఆ పిచ్చి మీదే రోషెల్ ఇరవై రెండేళ్ళు బతికింది.

ఈ ఏడు ప్రామ్ అయిపోయాక సోమవారం మధ్యాహ్నం షాపు అద్దం భళ్ళున బద్దలైంది. గారెట్ స్ట్రూప్ లోపలికి వచ్చాడు. చెడిపోయిన కార్లని లాక్కెళ్ళే బండి నడుపుతాడతను. చేతిలో టైర్లు విప్పే ఇనప కడ్డీ ఉంది. అతని కూతురు కేలిన్ గురువారం ఆరో గదిలో దీపాల మంచం మీద మూత వేసుకుని తొమ్మిది నిమిషాలు పడుకుని వెళ్ళింది. కళ్ళ చుట్టూ తెల్ల మచ్చలు పడతాయని, ఇచ్చిన నల్ల కళ్ళద్దాలు అందరు ఆడపిల్లల్లాగే తీసేసింది. తెల్లారేసరికి మొహమంతా బొబ్బలు, రెండు కళ్ళకీ కట్లు. చూపు ఎంత వస్తుందో డాక్టర్లు ఇంకా చెప్పడం లేదు.

కౌంటర్ దగ్గర ఉన్న రోషెల్ తమ్ముడు కర్ట్ నోరు తెరిచేలోపే కడ్డీ అతని మణికట్టు మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు రోషెల్‌కి స్పష్టంగా వినబడింది. కర్ట్ నేల మీద కూలబడ్డాడు.

"ఏదిరా ఆ దీపం? నా పిల్ల మొహాన్ని ఉడకేసిన దీపం ఏదిరా?"

జవాబు కోసం గారెట్ ఆగలేదు. ఒకటో గదిలోకి దూరి ట్యానింగ్ బెడ్ మూతని బాదాడు. ఆరడుగుల గొట్టాలు ఒక్కొక్కటే టపటపా పేలాయి. తెల్ల పొడి గాలిలోకి లేచింది. గాజు పెంకు గీరుకుని అతని చెంప నుంచి రక్తం కారుతోంది. తుడుచుకోలేదు.

"ఇదా? ఇదా?"

"అవి కావు గారెట్! బయటికి రా, ఆ గాలి పీల్చకు. అందులో పాదరసం ఉంది" అని రోషెల్ అరిచింది. "ఆ గొట్టాల్లో పాదరసం ఆవిరిలోంచి కరెంటు పారితే కంటికి కనబడని వెలుగు పుడుతుంది. లోపల పూసిన పొడి దాన్ని మింగి వేరే వెలుగుగా వదులుతుంది. ఒంటికి రంగు తెచ్చేది ఎంత, కాల్చేది ఎంత, అంతా పొడిని బట్టే. వాడగా వాడగా పొడి చచ్చిపోతుంది, చూడ్డానికి మాత్రం అలాగే వెలుగుతాయి."

"నాకు పాఠం చెబుతున్నావా?"

"నీ పిల్లని కాల్చింది ఇవి కావంటున్నా. ఆరో గదిలో మొహం మీదికి మూడు చిన్న ల్యాంపులుంటాయి. వాటికి పొడి గిడి ఉండదు. గుప్పెడంత గాజులో బోలెడంత ఒత్తిడి. ఉన్న విషమంతా కక్కేస్తాయి. ముందు నీలం గాజు అడ్డం ఉంటుంది, ఆ విషాన్ని అదే ఆపుతుంది."

"మరి ఆపలేదేం?"

"గాజు లేదు" అంది రోషెల్.

బుధవారం తుడుస్తుంటే ఆ గాజు రోషెల్ చేతిలోంచే జారింది. కొత్తది సోమవారానికి గాని రాదు. కర్ట్ తలుపు మీద 'పనిచేయదు' అని కాగితం అంటించాడు. రోషెల్ పీకేసింది. ప్రామ్ ముందు పదకొండు మంది ఆ గదికే పేర్లు రాయించుకున్నారు మరి! కొత్త ల్యాంపులు వేసినప్పుడు అవి మరీ వాడిగా ఉంటాయని టైము సగం చేస్తారు. ఇదీ అంతేలే అనుకుని పద్దెనిమిది నిమిషాలని తొమ్మిది చేసింది. ఇరవై రెండేళ్ళ పొగరు. కేలిన్ మొదటిది. మిగతావాళ్ళు ఎక్కకముందే, శుక్రవారం కేలిన్ ఇంటినుంచి ఫోను రాగానే రోషెల్ గది మూసింది.

"ఎవరు తీశారు?" అన్నాడు గారెట్.

"నేనే" అన్నాడు కర్ట్ నేల మీద నుంచి. "పగలగొట్టా. పెట్టడం మర్చిపోయా."

జైలు నుంచి వచ్చిన కర్ట్‌కి ఊరంతా తలుపులేసుకుంటే షాపు తాళాలు చేతికిచ్చింది అక్క. ఆ రుణం ఇప్పుడు తీర్చుకుంటున్నాడు, వెర్రివాడు. కాదని చెప్పాలని రోషెల్ నోరు తెరిచింది. కడ్డీని చూసి మూసుకుంది. సిగ్గుతో చచ్చిపోయింది, కానీ మూసుకుంది.

గారెట్ కర్ట్‌ని జుట్టు పట్టి ఆరో గదికి ఈడ్చాడు. తల గుమ్మానికి కొట్టుకుని నుదురు చిట్లింది.

"నా పిల్ల పడుకున్న తొమ్మిది నిమిషాలూ నువ్వు పడుకో. కళ్ళద్దాల్లేకుండా. రోషెల్, ముందు వెలిగించు. వెలుగుతుందో లేదో నేను చూడాలి."

తమ్ముడి కళ్ళు పోతాయి. రోషెల్ కళ్ళజోడు సర్దుకుని కౌంటర్ మీద మీట నొక్కింది. పొడుగు గొట్టాలు వెంటనే వెలిగాయి. చిన్న ల్యాంపులు మెల్లగా ఎర్రబడి, రెండు నిమిషాలకి కళ్ళు పొడిచేంత తెల్లగా మారాయి. గారెట్ గుమ్మంలోంచి చూసి తల తిప్పుకున్నాడు.

"మనిషి ఎక్కాలంటే ఆపాలి. ఎక్కాక మళ్ళీ టైము పెడతా. ఇంక అటు చూడకు, నీ కళ్ళూ పోతాయి" అని ఆపేసింది.

ఆపాలన్నది అబద్ధం కాదు. అసలు సంగతి మాత్రం చెప్పలేదు. వేడెక్కిన ఆ చిన్న ల్యాంపుని ఆపితే, చల్లారేదాకా మళ్ళీ అంటుకోదు. చల్లారడానికి దాదాపు పది నిమిషాలు.

కర్ట్ పడుకున్నాడు. మూత పడింది. రోషెల్ మీట నొక్కింది. పొడి చచ్చిన పాత గొట్టాలు ఊదారంగులో వెలిగాయి. మూత సందుల్లోంచి వస్తున్న ఆ వెలుగే చాలనుకుని గారెట్ గోడవైపు తిరిగి నిలబడ్డాడు. ఏడో నిమిషంలో లోపల టిక్కుమంది. ల్యాంపు అంటుకోవాలని చూస్తోంది. ఎనిమిదిలో మళ్ళీ టిక్కు, టిక్కు. దేవుడా, చల్లారకు, ఇంకొక్క నిమిషం చల్లారకు అని రోషెల్ లోలోపల మొత్తుకుంది. తొమ్మిది. అంతా ఆరిపోయింది.

కర్ట్ బయటికి పాకాడు.

"మొహం మామూలుగానే ఉందేం?" అన్నాడు గారెట్.

"వెంటనే తెలీదు. కేలిన్‌కీ తెల్లారాకేగా" అంది రోషెల్.

గారెట్ గోడకి ఆనుకుని ఒక్కసారిగా బావురుమన్నాడు. "గౌను ఇంకా తలుపుకే వేలాడుతోంది. తన మొహం అమ్మకి ఎలా కనబడుతోందో చెప్పమని పిల్ల నన్ను అడుగుతోంది. నువ్వొక్కదానివే నాకు నిజం చెప్పావు రోషెల్." కడ్డీ ఈడ్చుకుంటూ వెళ్ళిపోయాడు.

"పోనీలే అక్కా" అన్నాడు కర్ట్, విరిగిన చేతిని పొట్టకి అదుముకుని. "వెళ్ళిపోయాడుగా. ఇంక ఊరుకో."

తమ్ముడి కళ్ళు నిలిచాయి. అంతటితో ఊరుకోవచ్చు. కానీ నిజం చెప్పావన్న గారెట్ మాట ముల్లులా దిగింది. రోషెల్ గాజు పెంకులు తొక్కుకుంటూ పార్కింగ్‌లోకి వచ్చింది.

"గారెట్! గాజు పగలగొట్టింది నేను. కాగితం పీకింది నేను. వాడు వద్దనే అన్నాడు. ఇందాక వాడి మీద ఆ ల్యాంపులు వెలగలేదు, నిన్ను మోసం చేశా."

బండి ఎక్కబోతున్నవాడు ఆగాడు. సీటు మీద పడేసిన కడ్డీని మళ్ళీ తీసుకున్నాడు. వెనకనుంచి "అక్కా!" అని కర్ట్ కేక పెట్టాడు.

రోషెల్ పారిపోలేదు. కళ్ళజోడు తీసి మడిచి జేబులో పెట్టుకుని, దెబ్బకి మొహం ఎత్తింది.