చింతపండు తగిలిన చంద్రహారం

నల్లగొండలో మగవాళ్ల పిచ్చులకు కొదవ లేదు. ఒకరికి ప్లాట్ల పిచ్చి, ఒకరికి రాజకీయాల పిచ్చి. ఉమారాణి భర్త దివాకర్‌కు గిల్టు నగల పిచ్చి. డ్రాయింగ్ మాస్టరుగా రిటైరైన మర్నాటి నుంచి గడియారం సెంటర్ వెనక పాత సామాన్లు అమ్మే ఖుద్దూస్ దుకాణమే ఆయనకు బడి అయింది. ఏ అవ్వ పోయినా, ఏ ఇంట్లో అటక దులిపినా, రంగు వెలిసిన కమ్మలు, రాళ్లు రాలిన వడ్డాణాలు ముందు ఈయన సంచిలోనే పడాలి. ఆఖరికి బియ్యం డబ్బా పక్కన కూడా గిల్టు గాజులే. బంగారం కొనే మొగుణ్ణి చూశాం, తెగనమ్మే మొగుణ్ణి చూశాం, గిల్టు పోగేసే మొగుడు మాత్రం తన ఒక్కదాని అదృష్టమేనని ఉమారాణి అనేది.

పోగేస్తే పోగేశాడు, పండితుడు కూడా అయి కూర్చున్నాడు. ఆదివారం పొద్దున వరండాలో భూతద్దం పట్టుకుని కూర్చుంటే, వాడకట్టు ఆడవాళ్లు తమ తల్లుల గిల్టు, అత్తల గిల్టు తెచ్చి చూపించుకునేవాళ్లు. ఆయన దాన్ని తిప్పి చూసి, కొక్కెం చూసి, వాసన కూడా చూసి పెదవి విరిచేవాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

"గిది మొన్నటిదమ్మా, అసలు బందరు పనితనం గాదు. ఇంకోటి యాదిపెట్టుకోన్రి. పాత గిల్టును కడగొద్దు, తుడవొద్దు. చింతపండు తగిలిందా, ఖతం. ముసలి రంగే దాని విలువ."

ఒకసారి పక్కింటి శోభ తెచ్చిన గొలుసు తళతళలాడుతూ ఉంది. "ఎవరమ్మా గీ పాపం చేసింది?" అని అందరి ముందూ గద్దించాడు. శోభ మొహం మాడ్చుకుని వెళ్లిపోయింది. లోపల పప్పుకు తాలింపు వేస్తున్న ఉమారాణికి ఆ మాటకు ఒళ్లు మండింది.

ఆ మంట ఈనాటిది కాదు. పెళ్లప్పుడు తల్లి సైదమ్మ ఆమె మెడలో వేసి పంపిన చంద్రహారం కూడా గిల్టుదే. మర్రిగూడ ఫ్లోరైడు నీళ్లకు బిగుసుకుపోయిన మోకాళ్లతో సైదమ్మ చెర్వుగట్టు జాతర దాకా వెళ్లి, బందరు నుంచి వచ్చిన దుకాణం ముందు సగం పొద్దు కూర్చుని ఏరి తెచ్చింది. గిల్టని ఎవరి దగ్గరా దాచలేదు. "బంగారం తేలేకపోయిన బిడ్డా, మెడ మాత్రం బోసిగ ఉండొద్దు" అంది.

దాచాల్సిన అవసరం అత్త నర్సింగమ్మకు వచ్చింది. "పైన పటారం, లోన లొటారం, మీ అమ్మ తీరే" అని కోడల్ని దెప్పుతూనే, చుట్టాల ముందు మాత్రం ఆ హారం బంగారంలా కనపడాలనేది. ఆమెకు తెలిసిన విద్య ఒక్కటే, ఇత్తడి బిందెలు తోమడం. ఎవరింట్లో పెళ్లైనా, బతుకమ్మ పండుగైనా, ముందు రోజే కోడలి ముందు ఇంత చింతపండు, ఇంత ఉప్పు పెట్టేది. "రుద్దుకొని రాపో, ఇజ్జత్ తియ్యకు." ఏడాది తిరక్కుండానే పూతంతా పోయింది. ఆ తర్వాత మెరిసింది అడుగునున్న ఇత్తడి. తోమిన పూట ధగధగలాడి, రెండు రోజులకు నల్లబడేది. మళ్లీ పండుగ, మళ్లీ చింతపండు.

దివాకర్ ఏనాడూ తల్లికి అడ్డు చెప్పలేదు. పైగా దోస్తుల ముందు పెళ్లాన్ని "మా గిల్టు రాణి" అని పిలిచి నవ్వేవాడు. "మీ అమ్మ మంచిగ పెట్టింది" అనే ఒక్క మాట కోసం ఉమారాణి ఏళ్లకేళ్లు ఎదురుచూసింది. ఆ మాట వినకుండానే సైదమ్మ పోయింది. అత్త కూడా పోయాక ఆమె హారాన్ని డబ్బాలో పెట్టి మూత వేసేసింది.

ఇప్పుడు హైదరాబాదులో పాత గిల్టు నగల ప్రదర్శన పెడుతున్నారట. నగలు ఎంపిక చేసే నిరోష అనే అమ్మాయి ఇంటికి వస్తానని ఫోన్ చేసింది. కొన్న సరుకు అందరి దగ్గరా ఉంది సార్, ఒకే ఇంట్లో తరతరాలు ఉన్న నగ కావాలి అంది. అప్పుడు గుర్తొచ్చింది పండితుడికి పెళ్లాం డబ్బా.

"ఉమా, నీ చంద్రహారం ఉన్నదా? అది అసలు బందరుది. నేను పెళ్లినాడే గుర్తుపట్టిన."

"గుర్తుపట్టి నోరు మూసుకున్నరా?"

"పాత ముచ్చట్లు తియ్యకు జర. డబ్బా ఇప్పుడే తెరవకు. ఆ పిల్ల ముందరనే తెరుద్దాం. ఏండ్ల సంది తెరవని డబ్బా అంటే దాని వజన్ వేరే ఉంటది."

చెప్పేద్దామని ఉమారాణికి మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆ చింతపండు సంగతి ఆయనకు గుర్తే లేదు మరి. మగవాళ్లకు చింతపండు తేవడమే తెలుసు, అది చారులోకి పోతుందో హారం మీదికి పోతుందో వాళ్లకెందుకు? చివరికి ఆమె ఒక పంతం పట్టింది. వచ్చినవాళ్ల ముందు తన తల్లి పేరు ఒక్కసారి చెప్పాడా, లోపలికి పిలిచి సంగతి చెప్పి పరువు కాపాడుతుంది. చెప్పలేదా, ఆయన ఖర్మ.

నిరోష వచ్చేసరికి వరండా నిండా వాడకట్టే. దివాకరే పిలిచాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, గొంతు సవరించుకున్నాడు.

"మేడం, గిది మా ఖాందాన్ నగ. మా అమ్మ నర్సింగమ్మ ముచ్చటపడి కోడలికి పెట్టింది. గిల్టు కదరేందో, విలువేందో ఆ కాలంలనే తెలిసిన మనిషి."

ఒళ్లో డబ్బా పెట్టుకుని కూర్చున్న ఉమారాణికి ఆ మాటకు అసహ్యం వేసింది. మొగుణ్ణి లోపలికి పిలవలేదు. మూత తీసి డబ్బాను నిరోష చేతిలో పెట్టింది.

నల్లగా, అక్కడక్కడ పచ్చగా చిలుము పట్టిన ఇత్తడి. పువ్వులు అరిగి బిళ్లలయ్యాయి. నిరోష భూతద్దం పెట్టి చూసింది.

"సార్, దీని మీద పూతే లేదు. చెక్కుడు కూడ అరిగింది. ఎవరో ఏండ్ల తరబడి రుద్దిన్రు."

"ఎవరు సార్ గీ పాపం చేసింది?" అంది శోభ వెనక నుంచి. ఆ రోజు నుంచి దాచుకున్న మాట.

దివాకర్ పెళ్లాం వైపు చూశాడు. ఉమారాణి నిరోషతో చెప్పింది.

"గా హారం పెట్టింది మా అమ్మ బిడ్డా. సైదమ్మ, మర్రిగూడ. నర్సింగమ్మ పెట్టింది చింతపండు. అంగడి నుంచి తెచ్చింది ఈ డ్రాయింగ్ సారే."

నిరోష హారాన్ని రెండు చేతులతో తిరిగి ఇచ్చింది. "ఆంటీ, మీరు వేసుకుంటె ఒక ఫోటో తీసుకుంట. సైదమ్మ గారి పేరు రాసుకుంట."

ఉమారాణి హారాన్ని మెడలో వేసుకుంది. నల్లగా ఉన్నప్పుడు వేసుకోవడం అదే మొదలు. దివాకర్ గాబరాగా వంగి, నెమ్మదిగా అన్నాననుకుని అందరికీ వినపడేలా అన్నాడు.

"గట్లనే దిగుతవా? అందరు చూస్తరు. లోపటికి పోయి జర చింతపండు పెట్టి రుద్దుకొని రాపో, ఇజ్జత్ తియ్యకు."

శోభ కిసుక్కున నవ్వింది. ఉమారాణి మొగుడి మొహంలోకి చూడలేదు, తల ఎత్తి నిరోష పట్టుకున్న ఫోన్ వైపు చూసింది.

"చింతపండు ఒడిసింది, ఇగ లేదు" అంది. "నువ్వు తియ్యి బిడ్డా."