కనకవ్వ గాజు

కనకవ్వ మోకాళ్ళ కింద గోనెసంచి మడిచి వేసుకుని, చిన్న తాపీతో మన్ను గీకి తట్టలోకి లాగుతూ అలవాటుగా గుంత గోడవైపు చూసింది. నిన్న కనిపించిన శంఖుగాజు అక్కడ లేదు. ఆ చోట పిడికిలి దూరేంత బొక్క ఉంది.

ఎప్పటిదో ఊరు మట్టిలో కలిసిపోయిన ఈ పాటిదిబ్బ సూరత్ దగ్గర కడోదరా అవతల, కాలువ పక్కన ఉంది. ఇక్కడి పురావస్తు తవ్వకాలకు ఆమె కూలికి రావడం ఈ చలికాలం నుంచే. అంతకుముందు వయసంతా భేస్తాన్ మగ్గాల షెడ్లలో బాబిన్లు చుట్టింది. మగ్గం నడిపే భర్త రాములు పోయాక కూడా చుట్టింది. ఆమె చుట్టిన నూలు చీరలై ఏ ఊళ్ళకు పోయిందో ఆమెకు తెలియదు. ఆ చీరలు కట్టిన వాళ్ళకు కనకవ్వ అనే మనిషి ఉందనీ తెలియదు.

నిన్న సాయంత్రం గోడలో తెల్లగా తేలిన శంఖుగాజును మాత్రం అందరికన్నా ముందు చూసింది ఆమే. తవ్వకం పని చూసే విజయశ్రీ దాని చోటు కొలిచి రాసుకుని, "పొద్దున ఫోటో తీసినంక బయటికి తీద్దాం. అప్పటిదాక కనకవ్వ గాజును ఎవ్వలు ముట్టొద్దు" అంది. కనకవ్వ గాజు! ఆ సంతోషానికి ఆమెకు రాత్రి అన్నం సయించలేదు.

ఆ సంతోషంలోనే పొరపాటు చేసింది. గాజు పక్కన చిన్న బొక్క కనిపిస్తే, నూలు కొరికే ఎలుకలకు షెడ్లో చేసినట్టే, నెత్తిన తట్ట కింద చుట్టకుదురుగా పెట్టుకునే, మగ్గాల దగ్గర మిగిలిన గులాబీ రంగు చిందీ గుడ్డలోంచి ఓ ముక్క చింపి అందులో కుక్కి ఇంటికి పోయింది. దారి మూసుకుపోయిన పందికొక్కు గాజు మీదుగా కొత్త దారి తవ్వుకుంది.

"నేనే ఖరాబు చేసిన బిడ్డా" అని విజయశ్రీకి ఉన్నదున్నట్టు చెప్పింది.

విజయశ్రీ సూరత్‌లోనే పుట్టిన తెలుగు సాలెల పిల్ల. కోప్పడలేదు. "టెన్షన్ మత్ లో అత్తా, రంది పడకు. పందికొక్కులు మనకన్నా ముందుకెల్లి తవ్వుతున్నయి. గాజు ఆ మన్నులనే పడి ఉంటది. కానీ ఇయ్యాల్నే ఆఖరు, రేపు గుంత పూడుస్తరు."

రేపే కనకవ్వ కూడా సూరత్ విడిచి జగిత్యాలలో కూతురు సంతోషి దగ్గరికి పోతుంది. గాజు దొరక్కపోతే ఈ నేల మీద తన పేరుతో పిలిచిన ఒక్క వస్తువూ తన చేతులారా పోయినట్టే.

ఇద్దరూ పక్కపక్కన కూర్చుని తవ్వారు. దిబ్బ నిండా పాత బొరియలే, అన్నిటిలోనూ మెత్తటి మన్నే. నిన్నటి దారి ఏదో తెలియక మధ్యాహ్నం దాకా తిప్పలు పడ్డారు. తట్టలు మోసే బాలవ్వ నవ్వింది. "కొండను తవ్వి ఎలుకను పడుతున్నవా వదినె?"

అప్పుడే తాపీ కొసకు ఒక గులాబీ పోగు చుట్టుకుంది. బాబిన్లు చుట్టిన చేతికి పోగు తెలియకుండా పోతుందా? ఆమె మెల్లగా లాగి చూపించింది. విజయశ్రీ మొహం వెలిగిపోయింది. "చిందీ ఉన్న మన్నే కొత్త మన్ను అత్తా. దాని ఎంబడే పోదాం."

ఒక పోగు, మూరెడు అవతల ఇంకోటి. కొక్కు తన గూటి కోసం చిందీని పీలికలు చేసి లాక్కుపోయింది. పొద్దు వాలుతుండగా, ఖాళీ చేసి పోయిన గూడు బయటపడింది. గులాబీ పరుపు వేసినట్టుంది. గూటి ముందు రాలిన మన్నులో శంఖుగాజు, చెక్కిన గీతలతో సహా, చెక్కుచెదరకుండా ఉంది.

కనకవ్వ దాన్ని రెండు చేతుల్లో పెట్టుకుని లేచి నిలబడింది. పెళ్ళిలో కూడా అంత గర్వంగా నిలబడలేదు.

"ఎలుకను తవ్వి కొండను పట్టిన, చూడు బాలవ్వా" అంది. గుంత చుట్టూ చేరిన వాళ్ళంతా చప్పట్లు కొట్టారు.

సాయంత్రం కాళ్ళు కడుక్కుని, విజయశ్రీ తల నిమిరి, "పోయొస్త బిడ్డా" అని భేస్తాన్ ఆటో ఎక్కింది. వెనక్కి తిరిగి చూడలేదు.

విజయశ్రీ గాజును సంచిలో పెట్టి మూతి కట్టింది. కొక్కు తవ్విన దారికి గుర్తుగా ఇంకో చిన్న సంచి దాని పక్కనే పెట్టెలో పెట్టింది. అందులో చుట్టకుదురు నుంచి చింపిన గులాబీ చిందీ ముక్క, మన్ను అంటుకుని, అంచున కనకవ్వ నెత్తి నూనె మరకతో.