డెనీ కల్లొటీ ఆదివారం

మ్యూజియం వాళ్ళు ఆదివారం మధ్యాహ్నం ఏ కార్యక్రమం పెట్టినా బ్రీడా కల్లొటీ అందరికంటే ముందొచ్చి మూడో వరసలో గోడవైపు కుర్చీలో కూర్చునేది. పిల్లలకి సైనికుల టోపీలు పెట్టి ఫొటోలు తీసే రోజు కూడా వచ్చింది. పెళ్ళి లేదు, పిల్లలు లేరు, ఈవిడకి టోపీల రోజుతో ఏం పనని ఊళ్ళో ఆశ్చర్యపోయారు. టీ దగ్గర పెట్టే శాండ్‌విచ్‌ల కోసం వస్తోందని కొందరు తేల్చేశారు. ఐర్లండులోని ఆ కెరీ జిల్లాలో ఒక మనిషి గురించి ఏదో ఒకటి తేల్చేయకపోతే జనానికి తిన్నది అరగదు.

అసలు సంగతి చాలా మామూలుది. తమ్ముడు ప్యాట్సీ పోయాక ఆ ఇంట్లో మాట్లాడేది రేడియో ఒక్కటే. దానికి తను జవాబులు చెబుతోందని ఒకరోజు బ్రీడాకి తెలిసొచ్చి భయమేసింది. మ్యూజియంలో అయితే గది వెచ్చగా ఉంటుంది. ఎవరో ఒకరు వచ్చి "ఈ కుర్చీలో ఎవరైనా ఉన్నారా?" అని అడుగుతారు. లేరు, కూర్చోండి అనవచ్చు. ఒక్కోవారం మనిషితో ఆడిన మాట అదొక్కటే.

అది పంతొమ్మిది వందల ఇరవైల్లో ఆ దేశంలో జరిగిన అంతర్యుద్ధం గురించిన మ్యూజియం. స్వాతంత్ర్యం గురించి ఇంగ్లండుతో కుదిరిన ఒప్పందం చాలన్నవాళ్ళు ప్రభుత్వ సైన్యంలో చేరారు, చాలదన్నవాళ్ళు తుపాకులు తీసుకుని కొండలెక్కారు. నిన్నటిదాకా ఒకే కంచంలో తిన్నవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు కాల్చుకున్నారు. బ్రీడా వాళ్ళ ఊరు క్లూన్‌బెగ్ మొత్తం కొండలవైపే. ప్రభుత్వ సైన్యం ఆ జిల్లాలో చేసిన ఘోరాలు తక్కువేం కావు. వాళ్ళ చేతుల్లో పోయినవాళ్ళకి రోడ్ల పక్కన రాతి సిలువలున్నాయి, ఏటా పూలు పెడతారు. బ్రీడా అక్కడికీ వెళ్ళేది, అందరితోపాటు తలవంచుకుని ప్రార్థన చదివేది. తన ఇంటి మనిషికి మాత్రం ఎక్కడా రాయి లేదు.

ఆ మనిషి డెనీ, ఆవిడ పెదనాన్న. పంతొమ్మిదేళ్ళకి ప్రభుత్వ సైన్యంలో చేరాడు. ఆశయాలూ గీశయాలూ ఏం లేవు. ఇంట్లో చిన్నవాళ్ళ కాళ్ళకి చెప్పులు లేవు, సైన్యంలో జీతం వస్తుంది, అంతే. ఊరి వంతెన దగ్గర సైనికుల లారీ మీద కాల్పులు జరిగితే అక్కడికక్కడే పోయాడు. కాల్చినవాళ్ళు పరాయివాళ్ళు కారు, అతనితో ఒకే బడిలో చదివినవాళ్ళే. వాళ్ళ పేర్లు ఊరందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు.

ఆ ఊళ్ళో మనిషి పోతే శవాన్ని ఇంట్లో ఉంచి తలుపులు బార్లా తెరుస్తారు. ఊరంతా వరసకట్టి వస్తుంది. శవం పక్కన నిలబడ్డ ఇంటివాళ్ళ చెయ్యి పట్టుకుని ఒక్కొక్కరే "మీకొచ్చిన కష్టానికి బాధపడుతున్నాం" అంటారు. ఇంటివాళ్ళు "వచ్చారు, అదే పదివేలు" అంటారు. అంతకుమించి ఎవరూ ఏమీ అనక్కర్లేదు. గట్టు తగాదా కోర్టులో నడుస్తున్నవాళ్ళు కూడా ఆ రోజు వస్తారు. రాకపోవడమన్నది ఉండదు.

డెనీని చూడ్డానికి ఎవరూ రాలేదు. నాయనమ్మ శవం పక్కన రాత్రంతా నిలబడింది. బ్రీడా నాన్న అప్పటికి ఎనిమిదేళ్ళవాడు. జనం వస్తారు, చెయ్యి జేబులో పెట్టుకోకురా అని తల్లి చెబితే చెయ్యి ముందుకు చాపి నిలబడ్డాడు. తెల్లారేదాకా ఆ చెయ్యి ఎవరూ పట్టుకోలేదు. ముసలితనంలో ఆ సంగతి చెప్పేటప్పుడు కూడా ఆయన తన కుడిచేతిని తిప్పి చూసుకునేవాడు.

బ్రీడాకి ఒక్కటే కావాలి. క్లూన్‌బెగ్ వాళ్ళలో ఎవరో ఒకరు, ఒక్కరంటే ఒక్కరు, తన చెయ్యి పట్టుకుని డెనీ కోసం ఆ మాట అనాలి. ఆ ఇంట్లో తనే ఆఖరిది, తను పోతే ఆ మాట అనిపించుకోవడానికి కూడా మనిషుండదు. పోనీ అడుగుదామా అంటే, అడిగి చెప్పించుకునే మాట కాదది.

మ్యూజియంలో కార్యక్రమాలు చూసే గ్రాన్యా డబ్లిన్ పిల్ల. ఊరి లోగుట్టు తెలియదు కాబట్టి ధైర్యం ఎక్కువ. "మా ఇంటి కథ" అని కొత్త వరస మొదలుపెట్టింది. నెలకో కుటుంబం తమ ఇంట్లో దాచుకున్న వస్తువు తెచ్చి దాని కథ చెప్పాలి.

"బ్రీడా గారూ, ఇన్నాళ్ళూ అందరివీ విన్నారు. మీ ఇంట్లో ఏమీ లేదా?" అని అడిగింది ఒకరోజు, కుర్చీలు మడతపెడుతూ.

"ఒక కోటుందమ్మా," అంది బ్రీడా.

డెనీ పోయాక అతని సామానుతోపాటు ఇంటికొచ్చిన పొడవాటి సైనిక కోటు అది. నాయనమ్మ దాన్ని కత్తిరించి, నల్లరంగు వేసి, చలికి ఆగేలా చిన్నకొడుక్కి కుట్టింది. బళ్ళో పిల్లలు కుట్ల దగ్గర ప్రభుత్వ సైన్యపు ఆకుపచ్చ రంగు కనిపెట్టేశారు. ఆ తరవాత నాన్న ఎంత చలిలోనూ దాన్ని తొడుక్కోలేదు.

ఆదివారం దగ్గరపడేకొద్దీ బ్రీడాకి నిద్ర పట్టలేదు. ముందురోజు చర్చి గేటు దగ్గర మలకీ షుగ్రూ ఎదురయ్యాడు. ఇద్దరి పొలాలకీ మధ్య ఒక్క గట్టే అడ్డం. వంతెన దగ్గర తుపాకి పట్టినవాళ్ళలో మలకీ వాళ్ళ నాన్న ఒకడు. అది బ్రీడాకి తెలుసు, ఆవిడకి తెలుసని మలకీకి తెలుసు. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ ఇద్దరూ వానల గురించీ దూడల గురించీ మాత్రమే మాట్లాడుకున్నారు.

"ఏమమ్మాయ్, సినిమా తారవైపోయావట!" అన్నాడు మలకీ. ఎనభై దాటినా ఆయనకి ఊళ్ళో ఆడవాళ్ళందరూ అమ్మాయిలే. "గోడల మీద పోస్టర్ల నిండా నీ పేరే."

"నీకు కుళ్ళెందుకు? నువ్వూ చెప్పు, రెండో ఆట వేస్తారు."

"నేను నోరు విప్పితే జనం కుర్చీల్లోనే గురకపెడతారు."

"వస్తావా మరి?" అడిగేసింది. అడిగినందుకు తనమీద తనకే కోపమొచ్చింది.

మలకీ టోపీ తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు. "ఎర్రావు ఈనేట్టుంది. చూద్దాం."

ఆదివారం జనం బాగానే వచ్చారు. అక్కడ ఏ సభైనా వెనకనుంచి నిండుతుంది. ముందు వరసలు మూడూ ఖాళీగా ఉంటే మగాళ్ళు డజను మంది తలుపు పక్కన గోడకి ఆనుకుని నిలబడ్డారు, చర్చిలో పూజ మధ్యలో జారుకునేవాళ్ళలాగే. ఆ గుంపులో మలకీ టోపీ కనబడింది. అంటే ఆవు ఈనలేదన్నమాట.

బ్రీడా కోటు బల్లమీద పరిచింది. రాసుకొచ్చిన కాగితం కళ్ళజోడు తడవడంతో కనబడలేదు, అందుకని నోటికొచ్చినట్టు చెప్పింది.

"ఇది మా పెదనాన్న కోటు. ఆయన గొప్పవాడేం కాదు. గొర్రెపిల్లల్ని చంకలో పెట్టుకుని తిరిగేవాడట, పాట పాడితే కుక్కలు పారిపోయేవట." ఎవరో నవ్వారు. ఆ నవ్వు ఆవిడకి బలమిచ్చింది. "వంతెన దగ్గర పోయాడు. ఎవరు కాల్చారని నేను అడగట్లేదు, మనవాళ్ళ చేతుల్లో పోయినవాళ్ళూ ఉన్నారు, ఈ కోటు తొడుక్కున్నవాళ్ళ చేతుల్లో పోయినవాళ్ళూ ఉన్నారు. ఆ రాత్రి మా ఇంటి తలుపు తెరిచే ఉంది. కెటిల్లో నీళ్ళు కాగుతూనే ఉన్నాయి. ఎవరూ రాలేదు. మా నాన్న ఎనిమిదేళ్ళ పిల్లాడు, చెయ్యి చాపుకుని నిలబడ్డాడు. అంతే నేను చెప్పేది."

బ్రీడా ఆ మొహాలన్నీ చూసింది. అందరూ నేల వైపో, కోటు వైపో చూస్తున్నారు. ఇప్పుడు లేస్తారు, ఇప్పుడొక్కరైనా లేచి వస్తారు అనుకుంది.

"ప్రశ్నలేమైనా ఉన్నాయా?" అంది గ్రాన్యా, పాపం, కార్యక్రమం అలాగే ఉంటుంది కాబట్టి.

ఒకాయన లేచి ఆ లారీ ఏ కంపెనీదని అడిగాడు. ఇంకొకాయన బొత్తాలు ఇత్తడివా కావా అని అడిగాడు. మాజీ మాస్టారు జో డిగ్గిన్స్ "మీ పెదనాన్నని ఏమీ అనడం లేదు గానీ" అని మొదలుపెట్టి ప్రభుత్వ సైన్యం ఎక్కడెక్కడ ఏం చేసిందో ఊళ్ళవారీగా ఏకరువు పెట్టాడు. అన్నీ నిజాలే. బ్రీడా వింటూ తలూపింది. అప్పుడు ఒక్క ఇంటికే ముఖం చాటేశారు, ఇప్పుడు ఇంతమంది ఎదురుగా కూర్చుని అదే పని చేస్తున్నారనిపించింది. జనం మధ్య కూర్చుని ఇంత ఒంటరిగా ఎప్పుడూ లేదు, రేడియోతో మాట్లాడుకునే వంటింట్లో కూడా లేదు.

గ్రాన్యా జో మాస్టారిని మధ్యలో ఆపి టీ అని ప్రకటించింది. కప్పుల చప్పుడు మొదలవగానే గదికి ఊపిరొచ్చింది. తరవాత లక్కీ డ్రా తీశారు. ఆ దేశంలో నలుగురు పోగైన చోట లక్కీ డ్రా లేకుండా సభ ముగియదు. అంతర్యుద్ధమైనా సరే, కారుతున్న మ్యూజియం పైకప్పుకి చీటీల డబ్బు కావాలి కదా. చీటీ తీస్తే బ్రీడా నంబరే వచ్చింది. విస్కీ సీసా, పండ్ల కేకు, బిస్కెట్ల డబ్బా పెట్టి రిబ్బను కట్టిన పెద్ద బుట్ట తెచ్చి ఆవిడ ఒళ్ళో పెట్టారు.

అప్పుడు చూడాలి జనాన్ని! ఆవిడతో అనడానికి ఒక మాట దొరికినందుకు ప్రాణం లేచొచ్చింది అందరికీ. వెళ్ళేముందు బల్ల దగ్గరికొచ్చారు. వరసకట్టారు. ఒక్కొక్కరే వచ్చి బ్రీడా చెయ్యి పట్టుకుని ఊపారు.

"అదృష్టమంటే నీదే బ్రీడా!"

"ఆ సీసా ఒక్కదానివే తాగెయ్యకమ్మాయ్, మోకాళ్ళకి మంచిది కాదు!"

"కేకు కోసే రోజు కబురు పెట్టు!"

జో మాస్టారు కూడా చెయ్యి కలిపాడు, "చాలా బాగా మాట్లాడారు" అన్నాడు. బ్రీడా అందరికీ నవ్వుతూ థ్యాంక్స్ చెప్పింది. బుగ్గలు నొప్పెట్టాయి. ఇన్ని చేతులు, ఇంత బారు వరస, అంతా ఒక విస్కీ సీసా కోసం.

వరసలో మలకీ వచ్చాడు. టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. బుట్ట వైపు చూడనైనా చూడలేదు. ఆవిడ చెయ్యి అందుకుని, వెనకవాళ్ళకి వినబడకుండా ముందుకు వంగాడు.

"మీ డెనీ పోయినందుకు," అన్నాడు. "మీకొచ్చిన కష్టానికి బాధపడుతున్నాను, బ్రీడా."

ఎవరైనా ఆ మాటంటే ఏం చెప్పాలో బ్రీడా ఏళ్ళ తరబడి ఊహించుకుంది. అడగవలసినవి అడగాలనుకుంది, ఒకటి రెండు గట్టిగానే అనాలనుకుంది. అవన్నీ వదిలేసి ఒళ్ళోంచి బుట్ట తీసి కింద పెట్టి లేచి నిలబడింది. అలాంటప్పుడు ఇంటివాళ్ళు కూర్చోకూడదు.

"వచ్చావు మలకీ," అంది. "అదే పదివేలు."

ఇద్దరూ చేతులు వదల్లేదు. వరస ఆగిపోయింది.

"ఏవయ్యా మలకీ, సీసాలో వాటా మాట్లాడుకుంటున్నావా?" అని వెనకనుంచి ఎవరో అరిచారు. అందరూ నవ్వారు. మలకీ టోపీ పెట్టుకుని, వెనక్కి చూడకుండా తలుపు దాటి వెళ్ళిపోయాడు.

తరవాత వచ్చినావిడ బేకరీ నోరా. "ఏం రాసిపెట్టి ఉందమ్మా నీకు! నేనెన్ని చీటీలు కొన్నా ఒక్కటీ తగల్లేదు!" అంది చెయ్యి ఊపుతూ.

"వచ్చారు, అదే పదివేలు," అంది బ్రీడా.

నోరా మొహంలో నవ్వు ఆగిపోయింది. తల అటు తిప్పి కోటు వైపు చూసింది, బ్రీడా చేతిని ఒకసారి నొక్కి వెళ్ళింది. ఆ తరవాతి ఆయన బిస్కెట్ల గురించి ఏదో అన్నాడు. ఆయనకీ అదే చెప్పింది. గది ఖాళీ అయ్యేదాకా, నాయనమ్మ నిలబడినట్టే నిలబడి, చెయ్యి పట్టుకున్న ప్రతి మనిషికీ బ్రీడా ఆ మాటే చెప్పింది.